ఎత్తిస్తా అన్న మాట

పోచమ్మ తల్లికి మొక్కినప్పుడు నేను ఎత్తుతా అనాల్సింది. ఎత్తిస్తా అన్నాను.

కార్తీకమాసం అది. దవాఖానలో ఆపరేషన్ గది బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. ఒళ్లో పాప నిద్రపోతోంది. లోపల నా ఆడబిడ్డ, మా ఆయన చెల్లె జ్యోత్స్నకు ఎడమ మోకాలు రెండోసారి కోస్తున్నారు. రగ్బీ ఆడుతుంది తను. కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకొని ఉరకాలి, అడ్డం వచ్చినవాళ్లు పట్టి కింద పడేస్తారు, లేచి మళ్లీ ఉరకాలి, అదీ ఆట. మొదటిసారి భువనేశ్వర్ క్యాంపులో మోకాలు లోపలి నరం తెగింది. ఏడాది పడక, కసరత్తు, మళ్లీ మైదానం. దేశం జట్టులో పేరు వచ్చిన నెలకే, అదే మోకాలు, అదే నరం. ఇరవై మూడేండ్ల పిల్ల.

అత్తమ్మ, మా ఆయన మందుల చీటీ పట్టుకొని కిందికి పోయారు. తలుపు మీద ఎర్ర లైటు ఆరడం లేదు. భయం వేస్తే నేను పాప ఊపిరి లెక్కపెడతాను. పాప పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు. ఆ రోజు నూట డెబ్బై దాకా లెక్కపెట్టి కళ్లు మూసుకున్నాను. మా జ్యోత్స్న మోకాలు బాగై మళ్ల ఉరికితే వచ్చే ఆషాఢంల దానితోని నీకు బోనం ఎత్తిస్తా తల్లీ, అన్నాను.

పిల్లల కోసం తల్లులు మొక్కేది అట్లాగే. గుండు కొట్టిస్తా, చెవులు కుట్టిస్తా, ఎత్తిస్తా. నేను తల్లినై ఏడాదిన్నర, నోటికి ఆ మాటే వచ్చింది. జ్యోత్స్న నాకంటే ఒక్క ఏడు చిన్నదని, దాని కాళ్ల మీద మొక్కడానికి నేనెవరినని అప్పుడు తోచలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. నేను ఎన్నడూ బోనం ఎత్తలేదు. డప్పుల మోత, గుంపు, నెత్తి మీద దీపం, తలుచుకుంటేనే నాకు భయం.

మర్నాడు గిరీష్ సారు వచ్చాడు. ఆయనది కడప. పగలు కోకాపేటలో కంప్యూటర్ ఉద్యోగం, పొద్దున పూట ఆడపిల్లలకు రగ్బీ నేర్పుతాడు. మెడలో ఆఫీసు కార్డు తీయకుండానే మంచం పక్కన నిలబడి మా అందరికీ పాఠం చెప్పినట్టు చెప్పాడు. తొమ్మిది నెలలు బరువు ఎత్తొద్దు, గుంపులోకి పోవద్దు, బూట్లు లేకుండా ఎగుడుదిగుడు నేల మీద నడవొద్దు.

"కడుపుతో ఉండాదనుకోండమ్మా. ఎనిమిదో నెలలో యా తల్లీ గంతులెయ్యదు కదా" అన్నాడు అత్తమ్మతో.

మెట్ల సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టాలి. దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు పెట్టాలి. మాది నార్సింగిలో పాత ఊళ్లో ఇల్లు. కింద కిరాయికి ఇచ్చి మేం పైన ఉంటాం. పద్నాలుగు మెట్లు. ఆ చలికాలమంతా జ్యోత్స్న నా భుజం పట్టుకొని ఆ మెట్లు ఎక్కీ దిగీ నేర్చుకుంది, దాని పక్కనే నా వేలు పట్టుకొని మా పాప నేర్చుకుంది. పాప ఇప్పటికీ దిగేటప్పుడు ఎడమ కాలే ముందు పెడుతుంది.

మిరుగు కార్తె వచ్చి తొలి వాన పడ్డ మర్నాడు, మా ఇంటి వెనక ఖాళీ ప్లాటులో జ్యోత్స్న ఉరికింది. చుట్టూ ముప్పై నలభై అంతస్తుల మేడలు, వాటి మీద ఇనుప క్రేన్లు, నడుమ ఆ ఒక్క తడి జాగా. మొదట మెల్లగా, తర్వాత నిజంగా. పాప గుడ్డు బంతిని రెండు చేతులా కరుచుకొని వెంట పడింది. నేను గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను. కొడుతూనే లోపల ఆషాఢం ఎన్నడని లెక్క వేసుకున్నాను.

అదే వారం గిరీష్ సారు కబురు తెచ్చాడు. దుబాయిలో ఒక ఆడవాళ్ల జట్టు జ్యోత్స్నను రమ్మంటోంది. పొద్దున బడి పిల్లలకు ఆట నేర్పాలి, సాయంత్రం జట్టులో ఆడాలి. అక్కడ ఒక సీజన్ నిలబడి ఆడితే మళ్లీ దేశం జట్టు వాళ్లు పిలవక తప్పదు. కాలు కసరత్తుల వీడియోలు పంపితే చూసి సరేనన్నారట. ఆగస్టు చివర రావాలి, కాలు ఇంకా కుదురుకోకుంటే జనవరిలో చేరినా ఫరవాలేదన్నారట. ఇంకెవరన్నా అయితే రెండుసార్లు కోసిన మోకాలిని ముట్టుకోరు, ఇది చివరి తలుపు అనుకో అని సారు జ్యోత్స్నతో అన్నాడు. అది తల ఊపింది, నవ్వలేదు.

ఊళ్లో మాత్రం నవ్వారు. ఎదురింటి బుచ్చమ్మ పెద్దమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతూ, దుబాయికి మావోళ్లు మేస్త్రీ పనికి పోతరు, డ్రైవరు పనికి పోతరు, నువ్వేం పనికి పోతవే అని అడిగింది.

"కింద పడనీకి పోతున్న పెద్దమ్మా. విమానం ఎక్కిచ్చి మరీ పడమంటున్నరు" అంది జ్యోత్స్న.

ఆ నవ్వుల మధ్యలోనే నేను మొక్కు సంగతి బయటపెట్టాను. పెట్టకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అమ్మవారికి తెలుసు కదా అని నా భయం.

అత్తమ్మ భాగ్యమ్మ వెంటనే రెండు చేతులూ జోడించింది. కోడలు ఇంత మంచి మొక్కు మొక్కి ఇన్ని దినాలు కడుపులో దాచుకుందా అని నా నెత్తి నిమిరింది. సారు ఫోన్లో వద్దంటే వద్దన్నాడు. ఎనిమిదో నెల అన్నాడు మళ్లీ. బూట్లు లేవు, గుంపు, నెత్తి మీద బరువు, నేను వద్దన్న మూడూ ఒక్క చోట పెట్టినారు కదమ్మా అన్నాడు.

"వదినా, నా పేరు మీద నువ్వే ఎత్తరాదా" అంది జ్యోత్స్న.

నేను ఎత్తుతా అని మొక్కలేదని, దానితోని ఎత్తిస్తా అని మొక్కానని చెప్పాను. అత్తమ్మ నా మాట అందుకుంది. నోట్లె నుంచి ఎట్ల వచ్చిందో అట్లనే చెల్లాలె, మాట మారిస్తే అమ్మవారు ఊకుంటదా అంది. మా మామ పోచయ్య తువ్వాల దులుపుకుంటూ, అమ్మవారేమన్న నీ మాట టేపుల వెట్టుకున్నదా, వచ్చే ఏడు ఎత్తుతది తియ్యి అన్నాడు. మా ఆయన తిరుపతి ఎటూ చెప్పలేదు. అమ్మకూ చెల్లెకూ నడుమ పడితే ఆయన బండి తుడుచుకుంటాడు.

చివరికి మామ మాటే నిలిచింది. వచ్చే ఏడు. నేను సరేనన్నాను గానీ, ఆ రాత్రి నుంచి పాపకు ముద్ద తినిపిస్తున్నా, తల దువ్వుతున్నా, చెవిలో ఆ ఒక్క మాటే.

బోనాలు ఆదివారం. గురువారం పొద్దున పాప ఒళ్లు కాలింది.

మధ్యాహ్నానికి నూట మూడు. కింద కిరాయికి ఉండే పిల్లలిద్దరికి అప్పుడే డెంగీ వచ్చి పోయింది. డాక్టరమ్మ సూదితో రక్తం తీసి, రిపోర్టు రేపు వస్తుందని, తడిబట్టతో తుడవమని పంపింది. నేను పాపను పక్కలో వేసుకొని ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకసారి వంద దాటాక లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి. జ్యోత్స్న తడిబట్ట పిండి ఇస్తూనే ఉంది. దాని చేతులు గట్టివి, నీటిచుక్క మిగలకుండా పిండుతుంది.

నేను ఏడుస్తూ ఏమన్నానో నాకు పూర్తిగా గుర్తు లేదు. తల్లికి ఆశ పెట్టి ఎగ్గొట్టినమని అన్నాను. నీ కాలు బాగు చేసింది, నా బిడ్డను అడుగుతున్నది అన్నాను. ఈ ఒక్క మాట గుర్తుంది. జ్యోత్స్న ముఖం చూస్తూనే అన్నాను.

జ్యోత్స్న బట్ట పక్కన పెట్టింది. మోకాలి మీద అరచెయ్యి వేసుకుంది.

"ఎత్తుకుంట వదినా. ఏడ్వకు" అంది.

శుక్రవారం రిపోర్టు వచ్చింది. అందులో ఏమీ లేదు, ఊరంతా తిరుగుతున్న జ్వరమే. శనివారం పొద్దున పాప చెమటలు పట్టి, లేచి, బిస్కెట్ అడిగింది. అప్పుడన్నా చెప్పాల్సింది, వద్దులే జ్యోత్స్న, నా పిరికితనం కొద్దీ అన్నానని. చెప్పలేదు. జ్వరం దిగింది జ్యోత్స్న ఒప్పుకున్నందుకే అనుకున్నాను. పోయి కొత్త కుండ కొనుక్కొచ్చి, కడిగి, సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు నేనే పెట్టాను. చాలా అందంగా పెట్టాను.

ఆదివారం మబ్బు పట్టింది గానీ వాన లేదు. జ్యోత్స్న ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. చీర కింద మోకాలికి పట్టీ వేసుకుంది, గిరీష్ సారుకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. కుండలో పసుపన్నం, చుట్టూ వేపాకు, మీద దీపం. అత్తమ్మ దాని నెత్తిన చుట్టబట్ట పెట్టి బోనం ఎత్తి పెట్టింది. జ్యోత్స్న మెడ నిలిపి ఒక్కసారి ఊపిరి తీసుకొని నడిచింది. నేను దాన్ని అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. డప్పుల వెనక, కార్ల షోరూము ముందు నుంచి, మేడల కాపలా వాళ్లు గేట్లు పట్టుకొని చూస్తుంటే, ఒక చెయ్యి కుండకు ఆనించి చిన్నగా నవ్వుతూ నడిచింది. బుచ్చమ్మ పెద్దమ్మ కూడా నోరు మూసుకొని మొక్కింది.

బోనం ఎత్తిన ఆడమనిషి అంటే మాకు ఆ గడియ అమ్మవారే. గడప గడపకూ కాళ్ల మీద నీళ్లు పోస్తారు. నేను పాపను చంకన వేసుకొని, రాగి బిందె పట్టుకొని ముందే గుడి దగ్గరికి పోయి మెట్ల పక్కన నిలబడ్డాను. ఆరు బండ మెట్లు. జ్యోత్స్న రాగానే మనసులో ఉన్న భయమంతా, భక్తంతా కలిపి బిందెడు నీళ్లూ దాని కాళ్ల మీద పోశాను. పోసి, వంగి, ఆ తడి కాళ్లకు దండం పెట్టుకున్నాను.

తను మంచి కాలు ముందు పెట్టి మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు, మూడో మెట్టు. నాలుగో మెట్టు మీద ఎడమ కాలు ఆనించబోతే పాదం ఒక జానెడు పక్కకు జారింది. అంతే. వేరే ఎవరైనా చేతులు చాపి గోడో మనిషో పట్టుకుంటారు. దానికి బంతి చేతికొచ్చాక వదలొద్దని పన్నెండేండ్ల నుంచి నేర్పారు. రెండు చేతులూ పైకి పోయి కుండను పట్టుకున్నాయి. ఒళ్లంతా ఆ ఒక్క మోకాలి మీద తిరిగి, నిలబడింది.

అత్తమ్మ ముందు నడుస్తోంది, చూడలేదు. నేను ఏమైంది అన్నాను.

"ఏం కాలే. దీపం ఉన్నదా?" అని అడిగింది.

ఉంది అన్నాను. మిగిలిన రెండు మెట్లూ ఎక్కింది.

ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో అందరూ దుబాయి సంచీ సర్దే పనిలో ఉన్నారు. ఫ్రిజ్‌లో మంచుగడ్డల ట్రే ఎప్పుడు చూసినా ఖాళీగా ఉండేది. పాప తింటోంది అని అత్తమ్మ అనుకుంది. ప్రాక్టీసుకు పోతున్నానని చెప్పి జ్యోత్స్న ప్లాటులో రాయి మీద కూర్చోవడం రెండుసార్లు పైనుంచి చూశాను. విమానం ముందు అలిసిపోవద్దని కూర్చుంది అనుకున్నాను. అనుకోవాలంటే ఏదైనా అనుకోవచ్చు.

పోయే రోజు పొద్దున మా ఆయన బండి కింద పెట్టి హారన్ కొట్టాడు. గిరీష్ సారు సంచీలు ఎక్కిస్తున్నాడు. అత్తమ్మ మామ కింద నిలబడ్డారు. నేను పాపను ఎత్తుకొని మెట్ల పైన ఉన్నాను. జ్యోత్స్న పాప బుగ్గ కొరికి దిగడం మొదలుపెట్టింది.

ఎడమ కాలు ముందు పెట్టింది. కుడి కాలు దాని పక్కకు తెచ్చింది. మళ్లీ ఎడమ కాలు. పద్నాలుగు మెట్లూ అట్లాగే, గోడకు చెయ్యి ఆనించి.

జూన్‌లో ఆ మెట్లు రెండేసి దూకి దిగిన పిల్ల. సారు డిక్కీ వైపు తిరిగి ఉన్నాడు. నేను ఒక్క మాట పిలిస్తే తల ఎత్తేవాడు. జనవరి అని ఆయనే చెప్పాడు కదా, జనవరి దాకా టైము ఉంది. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. దాని వెంటే ఇంకో మాట వచ్చింది, ఎట్లా అయింది అని అడుగుతారని. అప్పుడు బోనం వస్తుంది, జ్వరం వస్తుంది, బిందె వస్తుంది, నేను వస్తాను.

కింది మెట్టు మీద జ్యోత్స్న వెనక్కి తిరిగి చూసింది. నేను చూశానని దానికి తెలిసింది.

"పాపకు టోపీ పెట్టు వదినా, ఎండ ఎక్కువున్నది" అంది.

"దిగంగనే ఫోన్ చెయ్యి" అన్నాను.

దసరా పోయిన వారానికి గిరీష్ సారు ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండా గడపలోనే కూర్చున్నాడు. మొదటి మ్యాచ్‌లో పదకొండు నిమిషాలు ఆడిందట. ఎవరూ తగల్లేదట. తిరగబోయి పడిపోయిందట. అక్కడి డాక్టరు ఫొటో తీసి చూసి, ఇది ఇవాళ తెగింది కాదు, రెండు మూడు నెలల కింద సగం తెగి ఉంది, దాని మీదే ఆడింది అన్నాడట.

"బాత్రూంలో జారినానంటాది. ఎప్పుడు జారినావంటే చెప్పదు. నాతో ఒక్క మాట చెప్పింటే జనవరి దాకా ఆపుతుంటి కదమ్మా" అన్నాడు. నన్ను చూసే అన్నాడు, నాకే తెలుస్తుందని కాదు, ఎదురుగా ఉన్నానని.

అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బోనం ఎత్తింది కాబట్టి కాలుతోనే పోయింది, లేకుంటే ప్రాణం మీదికి వచ్చేది అంది. నేను లోపలికి పోయి టీ పెట్టాను. తెచ్చి ఇచ్చి, సారు ఒక గుక్క తాగాక, చక్కెర సరిపోయిందా అని అడిగాను.

జ్యోత్స్నను అక్కడివాళ్లు పంపించెయ్యలేదు. అక్కడే మూడోసారి కోశారు. జట్టులో దాని జాగా ఇంకొకరికి ఇచ్చారు. బడి పిల్లలకు కుర్చీలో కూర్చొని ఆట చెప్పమన్నారు. దేశం జట్టు పేర్లు వచ్చినప్పుడు మా ఆయన ఫోన్లో చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వీడియో కాల్‌లో అది ఎప్పుడూ ముఖం దగ్గరగా పెట్టుకొని మాట్లాడుతుంది, వెనక ఏమున్నదీ కనబడకుండా. ఒకసారి పాపతో మాట్లాడుతుంటే దాని చేతిలో ఫోను పక్కకు జరిగి, గోడకు ఆనించిన ఊతకర్రలు కనిపించాయి. పాప అవి ఏంటని అడిగింది. క్రేన్లు అంది జ్యోత్స్న. మళ్లీ తొమ్మిది నెలలు అని నాతో అంది, తర్వాత చూడాలె అంది. ఇరవై నాలుగేండ్లకు మూడుసార్లు కోసిన మోకాలిని ఎవరు చూస్తారో నేను అడగలేదు.

ఆ రోజు అత్తమ్మ పక్కన లేదు. ఇప్పుడు చెప్పకుంటే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది. జ్యోత్స్నా, ఆ రోజు గుడి దగ్గర నీళ్లు, అని మొదలుపెట్టాను.

"వదినా" అంది, నన్ను ముగించనియ్యలేదు. "ఈసారి ఏం మొక్కకు."

అని నవ్వింది. నిజంగానే నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే పాప నా ముఖం చూసి, అమ్మ ఎందుకేడుస్తున్నదని దాన్ని అడిగింది.

మళ్లీ మిరుగు వచ్చింది. వెనక ప్లాటులో పునాదులు తవ్వారు. ఆషాఢానికి ఇరవై రోజులుంది. నేను ఏమీ మొక్కలేదు, ఏమీ అడగలేదు. ఎత్తుతా అని మాత్రం గుడికి పోయి చెప్పి వచ్చాను.

పొద్దున వంటకు ముందు కుండలో నీళ్లు నింపి నెత్తిన పెట్టుకొని మేడ మీద నడుస్తున్నాను. మొదటి వారం మెడ నొప్పి, చీర నిండా నీళ్లు. ఇప్పుడు ఒక చెయ్యి వదలగలుగుతున్నాను. పాప గ్లాసుతో వెంట వస్తుంది, నేను ఆగినప్పుడల్లా నా కాళ్ల మీద నీళ్లు పోస్తుంది. పొయ్యి బిడ్డా అంటాను. తర్వాత కుండతోనే మెట్ల దాకా వస్తాను. పాప ఎడమ కాలు ముందు పెట్టి నా కంటే ముందే దిగిపోతుంది. నేను మాత్రం పై మెట్టు మీద తడి కాళ్లతో ఆగిపోతాను. ఏ కాలు ముందు పెట్టాలో నాకు తోచదు. నావి రెండూ మంచి కాళ్లే.